ఇరవై కాన్పుల లెక్క

జిల్లా ఆస్పత్రిలో లేబర్ రూమ్ పక్కనున్న చిన్న గది. టేబుల్ మీద కేస్‌బుక్కులు గుట్టగా పడి ఉన్నాయి. అన్నిటికీ నీలం అట్టలు, లోపల ఎర్రసిరా గీతలు, ప్రతి పేజీ కింద ట్యూటర్ సంతకం. బీఎస్సీ నర్సింగ్ పాత సిలబస్‌లో ఆఖరి బ్యాచ్‌కి ఆ రోజు మిడ్‌వైఫరీ ప్రాక్టికల్స్. పరీక్షకులు ఇద్దరు. ఎక్స్‌టర్నల్‌గా వచ్చినావిడ ముప్పై ఏళ్లు లేబర్ రూముల్లోనూ క్లాసుల్లోనూ గడిపి, వచ్చే ఏడాది రిటైర్ కాబోతున్నారు. ఇంటర్నల్ ఒకప్పుడు ఆవిడ దగ్గరే చదువుకుంది. తర్వాత మిడ్‌వైఫరీలో ప్రత్యేక శిక్షణ తీసుకుని ఇక్కడే పాఠాలు చెబుతోంది. పిల్లలు వీళ్లను పెద్ద మేడమ్, చిన్న మేడమ్ అంటారు. మనమూ అలాగే పిలుద్దాం. ఇద్దరూ కల్పిత పాత్రలే అయినా, వాళ్ల మధ్య జరిగిన వాదన నర్సింగ్ కాలేజీ ఉన్న ఏ ఊళ్లోనైనా వినపడేదే.

వాదన రెండు కేస్‌బుక్కుల దగ్గర మొదలైంది.

"ఇరవై మంది తల్లులకీ రెండొందల మిల్లీలీటర్ల రక్తమే పోయింది. ఇరవై మంది పిల్లలూ పుట్టగానే ఏడ్చారు. ఇరవై మాయలూ పది నిమిషాల్లోనే పడ్డాయి." చిన్న మేడమ్ మొదటి పుస్తకం పేజీలు తిప్పుతూ అంది. "మీ సర్వీసులో ఇలాంటి ఇరవై కాన్పులు వరసగా ఎప్పుడైనా చూశారా మేడమ్?"

"లేదు. సగం పక్కపిల్ల పుస్తకంలోంచి ఎక్కించి ఉంటుంది," అన్నారు పెద్ద మేడమ్. "అది తప్పే. కానీ ఈ రెండో పుస్తకం చూడు. ఏడే కాన్పులు, మిగతా పేజీలు ఖాళీ. ఇరవై చెయ్యని పిల్లని మిడ్‌వైఫ్ అని ఎట్లా పంపుతావు?"

"ఆ ఏడూ నిజంగా చేసింది. ఏడింటికీ కాన్పు ఎలా సాగిందో చూపే పార్టోగ్రాఫ్ గీసింది. ఒక కేసులో రక్తం ఏడొందలు పోయిందని రాసి, ఎట్లా ఆగిందో కూడా రాసింది. ఆపాలంటే ఆ ఇరవై పిల్లని ఆపుదాం."

"నిజాయితీ వేరు, చేతి పని వేరు అమ్మాయ్."

ఇరవై అనేది ఊరికే వచ్చిన అంకె కాదు. ఏళ్ల తరబడి నడిచిన ఆ సిలబస్ ప్రకారం విద్యార్థిని కేస్‌బుక్‌లో గర్భిణుల పరీక్షలు 30, సొంతంగా చేసిన సాధారణ కాన్పులు 20, లోపలి పరీక్షలు 5, ఎపిసియోటమీ, అంటే కాన్పు దారి దగ్గర కోత, పెట్టి కుట్లు వేసినవి 5, ఊపిరి అందని పసిబిడ్డకు ఊపిరి పోసినవి 5, బాలింతల సంరక్షణ 20 ఉండాలి. 2021లో సెమిస్టర్ పద్ధతితో కొత్త సిలబస్ వచ్చి, బొమ్మల మీద సాధన చేసే స్కిల్ ల్యాబ్‌కు విడిగా చోటిచ్చింది. కానీ ఇప్పుడు డ్యూటీలో ఉన్న నర్సుల్లో ఎక్కువమంది పాత లెక్క కిందే చదువుకున్నారు, వాళ్ల చేతుల్లోనే కొత్త పిల్లలు నేర్చుకుంటున్నారు.

పెద్ద మేడమ్ తన వాదన ఒక రాత్రితో మొదలుపెట్టారు. "రేపు ఈ పిల్లకి ఏజెన్సీలో ఏదో పీహెచ్‌సీలో ఉద్యోగం వస్తుంది. రాత్రి రెండింటికి ఆటోలో ఒకామెని తెస్తారు, అప్పటికే తల కనపడుతూ ఉంటుంది. డాక్టరు ఊళ్లో ఉండరు. అంబులెన్స్ వాగు అవతల ఆగిపోయి ఉంటుంది. అప్పుడు ఈ పిల్లకి పనికొచ్చేది చెయ్యి ఒక్కటే. తల జారి బయటికొస్తుంటే కింది చర్మానికి ఎంత ఒత్తు పట్టాలి, ఎప్పుడు వదలాలి అన్నది పుస్తకంలో ఉండదు. అరచేతికే తెలుస్తుంది. బ్రిటన్‌లో మిడ్‌వైఫ్ అనిపించుకోవాలంటే 40 కాన్పులు సొంతంగా చెయ్యాలి. దొరక్కపోతే కనీసం 30 చేసి, ఇంకో 20 కాన్పులకు సాయం పట్టాలి. ఐరోపా దేశాల నిబంధన కూడా అదే. మనం ఇరవై అంటేనే గొడవ చేస్తున్నాం."

"వాళ్లు మూడేళ్లు మిడ్‌వైఫరీ ఒక్కటే చదువుతారు మేడమ్. మన పిల్లలు మెడికల్ వార్డు, సర్జికల్ వార్డు, పిల్లల వార్డు, మానసిక వైద్యం, కమ్యూనిటీ అన్నీ తిరుగుతూ మధ్యలో కొన్ని వారాలు లేబర్ రూమ్‌కి వస్తారు. వచ్చినా కేసులేవీ? ఒక్కసారి లెక్క వేద్దాం."

కాగితం మీద చిన్న మేడమ్ వేసిన లెక్క ఇది. తరగతికి 60 మంది. ఒక్కొక్కరికి 20 చొప్పున 1200 సాధారణ కాన్పులు కావాలి. నెలకు 300 కాన్పులయ్యే ఆస్పత్రిని తీసుకుందాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ ప్రభుత్వ ఆస్పత్రుల్లో నూటికి 44.5 కాన్పులు సిజేరియన్లే. అంటే నెలకు మిగిలేవి సుమారు 166 సాధారణ కాన్పులు. ఆ ఆస్పత్రిలో పుట్టే ప్రతి బిడ్డనూ ఈ కాలేజీ పిల్లలే పట్టుకున్నా 1200 పూర్తవడానికి ఏడు నెలలు దాటుతుంది. అదే గది కోసం ఇంకో రెండు కాలేజీల పిల్లలు, జీఎన్ఎం వాళ్లు, హౌస్ సర్జన్లు, పీజీలు కూడా వరసలో ఉంటారు.

"ఇక ప్రైవేటులో నూటికి 81.5 పెద్దాపరేషన్లే. రాష్ట్రం మొత్తం మీద 60.7. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశం సగటు 21.5. మన తరగతి గది మన కళ్ల ముందే మూతపడుతోంది మేడమ్. గది మూసేసి పిల్లల్ని ఇరవై పాఠాలు చదివి రమ్మంటే వాళ్లు కాపీ కొట్టక ఏం చేస్తారు?"

నర్సింగ్ విద్య గురించి మాట్లాడేటప్పుడు సిజేరియన్ల సంగతి ఎవరూ ఎత్తరు. కోతలు పెరిగితే తల్లికి ఖర్చూ, మళ్లీ గర్భం వస్తే చిక్కులూ అని రాస్తాం. సాధారణ కాన్పు చేయగల తర్వాతి తరం తయారు కాకుండా పోతోందన్నది రాయం. చేతకాని తరం వస్తే చిన్న అనుమానానికే థియేటర్‌కు పంపుతుంది, కోతలు ఇంకా పెరుగుతాయి. చిన్న మేడమ్ లెక్కలో అన్నిటికన్నా భయపెట్టేది ఈ సుడిగుండమే.

పెద్ద మేడమ్ లెక్కను కాదనలేదు. "అందుకే ఆ అంకె చట్టంలో ఉండాలంటున్నాను. ఇరవై అని రాసి ఉంటేనే యాజమాన్యాలు ఏడుకైనా ఏర్పాటు చేస్తున్నాయి. ఏడు చాలని రాసి చూడు, రెండుతో సరిపెడతాయి. సొంత ఆస్పత్రిలో రోగులే లేని కాలేజీలు నీకూ తెలుసు, నాకూ తెలుసు. పిల్లల తరఫున కొట్లాడటానికి మన చేతిలో ఉన్న కర్ర ఆ అంకె ఒక్కటే."

ఈ మాటకు చిన్న మేడమ్ కాసేపు జవాబివ్వలేకపోయింది. తర్వాత దారి మార్చింది.

"అంకె ఉండొచ్చు. కానీ దేన్ని లెక్కపెడుతున్నాం? అయిదు లోపలి పరీక్షలు అంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ నాలుగు గంటలకు ఒకసారి చాలంటుంది. మన గదిలో పీజీ చూస్తారు, తర్వాత హౌస్ సర్జన్, తర్వాత కేస్‌బుక్ నింపుకోవాల్సిన మన పిల్లలు ఇద్దరు. ఆ తల్లికి గంటలో నలుగురు. ఎవరమ్మా మీరు అని అడిగే ఓపిక ఆమెకి ఉండదు. అడక్కపోతే ఒప్పుకున్నట్టు రాసుకుంటాం. ఇక అయిదు ఎపిసియోటమీలు. అందరికీ కోత పెట్టడం మంచిది కాదని ఆ సంస్థ 2018 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. మరి పుస్తకంలో అయిదు గడులు ఖాళీగా ఉన్న పిల్ల ముందు తొలి కాన్పు తల్లి పడుకుని ఉంటే ఏమవుతుంది? అవసరం లేకపోయినా కత్తెర తీస్తుంది. ఆ తల్లి నెల రోజులు సరిగ్గా కూర్చోలేదు. మన గడి నిండడానికి, మేడమ్."

"మా రోజుల్లో తొలిచూలు అంటే కోత పడాల్సిందే అనేవాళ్లు," అన్నారు పెద్ద మేడమ్ నెమ్మదిగా. "పొట్ట మీద చెయ్యి పెట్టి నొక్కమనేవాళ్లు. నేనూ నొక్కాను. అది తగదని ఇప్పుడు అంటున్నారు. అప్పుడు మాకెవరూ చెప్పలేదు."

"నేను మీ దగ్గర నేర్చుకున్నది చేతిపని మేడమ్. కానీ ఆ గదిలో నేను మొట్టమొదట నేర్చుకున్నది గొంతు. మొదటి రోజు భయంతో గోడకి ఆనుకుని నిలబడ్డాను. వారం తిరిగేసరికి 'ముక్కమ్మా, ముక్కు, అరవకు' అని నేనూ అరుస్తున్నాను. తొడ మీద చరిచాను కూడా. ఎవరూ నేర్పలేదు, వినీ చూసీ వచ్చింది. పిల్లలకు మనం పార్టోగ్రాఫ్ నేర్పేలోపే ఆ గది ఇది నేర్పేస్తోంది."

కాన్పు గదిలో తల్లుల పట్ల జరిగే అవమానాల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ప్రత్యేకంగా ఒక ప్రకటన చేసింది. కేంద్ర ప్రభుత్వం 2017 డిసెంబరులో మొదలుపెట్టిన లక్ష్య కార్యక్రమం గౌరవంగా చూసుకోవడాన్నీ, కాన్పు సమయంలో తోడుగా ఒక మనిషిని ఉంచడాన్నీ ప్రమాణాల్లో చేర్చింది. అమ్మనో అత్తనో లోపలికి రానివ్వని చోట తల్లికి దొరికే తోడు తరచూ ఈ నర్సింగ్ పిల్లే. నొప్పి వచ్చినప్పుడు ఆమె పట్టుకునేది ఈ పందొమ్మిది, ఇరవయ్యేళ్ల అమ్మాయి మణికట్టునే. ఆ మణికట్టుకు కేస్‌బుక్‌లో గడి లేదు.

"సరే, అయితే పిల్లల్ని ఆ గదిలోకే పంపకూడదంటావా?" పెద్ద మేడమ్ గొంతు కాస్త పెరిగింది.

"అనను. కానీ విద్యార్థుల చేతులు తల్లులకు ఎంత చేటు చేయగలవో మనకు పాఠం ఉంది. వియన్నా ఆస్పత్రి కథ మీరే చెప్పారు మాకు."

సెమ్మెల్వైస్ కథ అది. 1840ల్లో వియన్నా జనరల్ ఆస్పత్రిలో రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. మొదటిదాంట్లో వైద్య విద్యార్థులు, రెండోదాంట్లో మంత్రసాని విద్యార్థినులు నేర్చుకునేవారు. 1846లో మొదటి విభాగంలో నూటికి 11 మందికి పైగా తల్లులు చనిపోయారు. రెండోదాంట్లో ముగ్గురి లోపే. మొదటి విభాగంలో చేర్చవద్దని గర్భిణులు కాళ్లావేళ్లా పడేవారు. వైద్య విద్యార్థులు శవపరీక్షల గదిలోంచి నేరుగా వచ్చి తల్లుల్ని పరీక్ష చేసేవారు. మంత్రసాని విద్యార్థినులకు శవాల గదితో పనిలేదు. 1847 మే నెలలో క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో చేతులు కడుక్కున్నాకే తల్లి దగ్గరికి వెళ్లాలని సెమ్మెల్వైస్ నియమం పెట్టాడు. మరుసటి ఏడాదికి మొదటి విభాగంలో మరణాలు నూటికి ఒకటీ చిల్లరకు దిగాయి.

"ఆ కథ సగమే గుర్తుంచుకున్నావు," అన్నారు పెద్ద మేడమ్. "సెమ్మెల్వైస్ విద్యార్థుల్ని బయటికి పంపలేదు. గుమ్మం దగ్గర గిన్నె పెట్టాడు. విద్యార్థులు అక్కడే ఉన్నారు, తల్లులూ బతికారు. మనకూ కావాల్సింది అలాంటి గిన్నే."

"అదే నేనూ అడుగుతున్నాను మేడమ్. ఆ గిన్నె స్కిల్ ల్యాబే అంటాను."

ఇక్కడ ఇద్దరూ చాలాసేపు తగువులాడారు. చిన్న మేడమ్ వాదన అంకెల మీద నడిచింది. పుట్టిన పిల్లల్లో నూటికి దాదాపు పది మందికే ఊపిరి తీసుకోవడానికి ఏదో ఒక సాయం కావాలి. ఇరవై కాన్పులు నిజంగా చేసిన పిల్లకైనా అలాంటి బిడ్డలు ఇద్దరు తగిలితే గొప్ప. భుజం ఇరుక్కున్న కాన్పు ఒక్కటీ కనపడకపోవచ్చు. మరి ఆ మొదటి నిమిషంలో అంబు బ్యాగ్‌తో గాలి అందించడం ఎప్పుడు నేర్చుకుంటుంది? బొమ్మ మీదే నేర్చుకోవాలి, యాభైసార్లు, చేతికి అలవాటయ్యేదాకా.

"బొమ్మకి భయం ఉండదు," అన్నారు పెద్ద మేడమ్. "నాకేమైనా అవుతుందా సిస్టర్ అని బొమ్మ అడగదు. ఉమ్మనీరు పచ్చగా వచ్చినప్పుడు ఆ వాసనకి ముందు మన కడుపులో తిప్పుతుంది. ఆ తిప్పులో కూడా డాప్లర్ పెట్టి గుండె చప్పుడు లెక్కపెట్టాలి. అది బొమ్మ నేర్పదు. రక్తం చూడగానే ఎంత పోయిందో నా కన్ను చెప్పేస్తుంది. ఎన్నో రాత్రులు చూస్తే వచ్చిన కన్ను ఇది."

"కన్నుని నమ్మకండి మేడమ్. రక్తం విషయంలో అనుభవం ఉన్న కన్ను కూడా తక్కువే చెబుతుంది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆస్పత్రుల్లో చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. తల్లి కింద కొలతగీతలున్న ప్లాస్టిక్ సంచి పరిచి, గీత దాటగానే మర్దన, ఇంజెక్షన్లు, సెలైన్ అన్నీ ఒక్కసారే మొదలుపెట్టారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల పొట్ట కోయాల్సి రావడం, ప్రాణం పోవడం, ఇవన్నీ కలిపి నూటికి 4.3 ఉన్నది 1.6కి పడిపోయింది. కన్ను చెప్పేదాకా ఆగలేదు వాళ్లు."

పెద్ద మేడమ్ మాట్లాడలేదు. ఒప్పుకున్నట్టూ లేదు.

ఇంతలో అటెండర్ టీ తెచ్చాడు. అతని వెనకే ఒక కుర్రాడు తలుపు దగ్గర నిలబడ్డాడు. తరగతిలో ఉన్న కొద్దిమంది అబ్బాయిల్లో ఒకడు. అతని పుస్తకంలో కాన్పులు మూడే, అవీ చూసినవే. చాలా ఆస్పత్రుల్లో మగ విద్యార్థిని లేబర్ రూమ్ గుమ్మం దగ్గరే ఆపేస్తారు. తల్లి వద్దంటే అది ఆమె హక్కు, దానికి తిరుగులేదు. కానీ చాలాచోట్ల ఆమెను అడగకుండానే సిస్టర్లే ఆపుతున్నారు. అదే గదిలో మగ డాక్టరు, మగ హౌస్ సర్జన్ తిరుగుతూనే ఉంటారు.

"వీణ్ణి ఏం చేద్దాం?" అన్నారు పెద్ద మేడమ్.

"ముందు తల్లిని అడుగుదాం మేడమ్. ఎవరినైనా అంతే. నొప్పులు ముదిరాక కాదు, వార్డులో చేరినప్పుడే. 'నా పేరు ఫలానా, నేను నర్సింగ్ చదువుతున్నాను, మీకు ఇష్టమైతే కాన్పయ్యేదాకా మీ పక్కనే ఉంటాను' అని చెప్పాలి."

"కాగితం మీద సంతకం అడిగితే పెద్దాపరేషనేమో అని ఏడుస్తారమ్మా."

"సంతకం వద్దు, మాట చాలు. పేరు చెప్పిన పిల్లని వద్దన్న తల్లుల్ని నేను చాలా తక్కువ చూశాను."

చిన్న మేడమ్‌కు ఈ నమ్మకం ఊరికే రాలేదు. తెలంగాణ ప్రభుత్వం, యూనిసెఫ్, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి 2017లో కరీంనగర్‌లో స్టాఫ్ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. మరుసటి ఏడాది డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు విడుదల చేసింది. ఈ పద్ధతిలో తల్లిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కట్టేయరు. నడవమంటారు, పక్కకు తిరగమంటారు, గొంతుక్కూర్చోమంటారు. ఆరోగ్యంగా ఉన్న తల్లి దగ్గర మొదటి నుంచి చివరిదాకా ఒకే మిడ్‌వైఫ్ ఉంటుంది, చిక్కు వస్తే డాక్టరుకు అప్పగిస్తుంది. చిన్న మేడమ్ కోరేది విద్యార్థులకు కూడా ఇదే. ఇరవై తలలు పట్టడం కాదు, పది మంది తల్లుల్ని పట్టుకోవాలి. అయిదు సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టి, అరగంటకోసారి బిడ్డ గుండె విని, కాన్పయ్యాక ఆక్సిటోసిన్ పది యూనిట్లు తొడకు ఇచ్చి, బొడ్డుతాడు తొందరపడి కోయకుండా ఆగి, బిడ్డ రొమ్ము పట్టేదాకా అక్కడే ఉండాలి.

"పది మందికి పది రాత్రులు పడతాయి. డ్యూటీ బస్సు సాయంత్రం అయిదింటికే హాస్టల్‌కి వెళ్లిపోతుంది," అన్నారు పెద్ద మేడమ్.

"బస్సు వేళ మారుద్దాం."

"మార్చనిస్తారా?"

"మీరు ఎక్స్‌టర్నల్ రిపోర్టులో రాస్తే అడగడానికి నాకు ఒక కాగితం ఉంటుంది."

నిజానికి ఈ తగువులో ఇద్దరి మాటలూ సమానంగా తూగవు. చేయి పని చేస్తేనే పని వస్తుందన్న పెద్ద మేడమ్ మాట తీసేయలేనిది, పీహెచ్‌సీ రాత్రి నిజమైనది. కానీ ఆ రాత్రికి పిల్లను సిద్ధం చేసేది బిడ్డ బయటపడే రెండు నిమిషాలు ఒక్కటే కాదు. అంతకుముందున్న ఆరు గంటలు. నొప్పి ఎప్పుడు మందగించిందో, గుండె చప్పుడు ఎప్పుడు తగ్గిందో, ఏ ఘడియలో వాగు దాటించాల్సిందో ఆ ఆరు గంటలు కూర్చున్న పిల్లకే తెలుస్తుంది. ఇరవై తలలు పట్టడానికి ఒక గది నుంచి ఇంకో గదికి పరిగెత్తిన పిల్లకు తెలియదు. పుస్తకం మాత్రం ఆ రెండు నిమిషాలకే మార్కులేస్తోంది.

పెద్ద మేడమ్ టీ కప్పు పక్కన పెట్టి, ఏడు కాన్పుల పుస్తకం దగ్గరికి లాక్కున్నారు. "ఆ అమ్మాయిని పిలువు. నేనే అడుగుతా."

అమ్మాయి వచ్చి నిలబడింది. అప్రాన్ పిన్ను ఊడి ఉంది.

"ఇందులో అయిదో కేసు. రక్తం ఏడొందలు అని రాశావు. ఎవరు చెప్పారు ఏడొందలని?"

"తూకం వేశాం మేడమ్."

"దేంతో?"

"తడిసిన గుడ్డలన్నీ కవర్లో వేసి, పిల్లల్ని తూచే మిషన్ మీద పెట్టాం మేడమ్. పొడి గుడ్డల బరువు తీసేశాం. నైట్ డ్యూటీ సిస్టర్ చెప్పారు అట్లా చెయ్యమని."

"తూచకముందు నువ్వెంత అనుకున్నావు?"

అమ్మాయి చిన్న మేడమ్ వైపు ఒకసారి చూసి, మళ్లీ తిరిగింది. "మూడొందలు మేడమ్."

పెద్ద మేడమ్ చేతిలోని ఎర్ర పెన్నుకు మూత పెట్టారు. ఎదురుగా ఉన్న కుర్చీ చూపించారు.

"కూర్చోమ్మా. ఆమె ఎన్నింటికి వార్డుకొచ్చింది? అక్కణ్ణించి చెప్పు."